రావి నారాయణరెడ్డిగారు – నల్లగొండ లోకసభా నియోజకవర్గము

వయోజనులందరికిని ఓటుహక్కు లభించిన పిమ్మట భారతదేశమున జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో, అనగా 1951-52లో, నల్లగొండ నియోజకవర్గమునుండి శ్రీ రావి నారాయణరెడ్డిగారు 3,09,162 ఓట్లతో లోకసభకు ఎన్నికైరి. ఆ ఎన్నికలలోనే ప్రధానమంత్రి శ్రీ జవహర్‌లాల్ నెహ్రూగారికి లభించినవి 2,33,571 ఓట్లు. ఈ ముచ్చట మన జిల్లాలో వినని వారుండరు. సభలయందు, సంస్మరణ సంచికలయందు, రచ్చబండలపైనను ఇది పలుమారులు చెప్పబడుచునే యున్నది. కాని ఆ ఓట్లు పడిన నియోజకవర్గ మెట్టిది, అందు ఒక్కరికి బదులు ఇద్దరు ప్రతినిధులేల యుండిరి, అంతకు నాలుగేండ్ల క్రితము తుపాకులు చేతబట్టిన జనము ఓటుపత్రము నెట్లు చేతబట్టెను అను సంగతులు విచారించువారు తక్కువ. ఆ మహనీయుని జీవితమును ఆ నియోజకవర్గ చరిత్రతో చేర్చి చెప్పినగాని రెండును సరిగా బోధపడవని తోచి, ఈ గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఈ వ్యాసము వ్రాయబడినది.

నారాయణరెడ్డిగారు 1908లో భువనగిరి తాలూకా బొల్లేపల్లి గ్రామమున జన్మించిరి. వారిది భూవసతి గల రెడ్డి కుటుంబము. ఆనాటి నల్లగొండ జిల్లాలో భూవసతి యనగా కేవలము ధాన్యపు గాదెలు కాదు; పదిమందిని పనికి పిలువగల అధికారము, పిలిచినపుడు రాకున్న దండింపగల అధికారము కూడ. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలగు వృత్తులవారు దొరల గడీలకు కూలి లేక చేయు చాకిరికి వెట్టి యని పేరు. ఆ ఇంటి బిడ్డలకు ఇది తప్పని తోచుట అరుదు. తోచినను నోరు విప్పుట మరింత అరుదు. నారాయణరెడ్డిగారు ఈ రెండింటిని చేసిరి. ఆయన గొప్పతనమున తొలి మెట్టు ఇదియే యని నా యభిప్రాయము. తరువాతి కాలమున తమ స్వంత భూములను దున్నువారికి పంచియిచ్చుటకు కూడ ఆయన వెనుదీయలేదు.

చదువునకై హైదరాబాదు చేరిన ఆ యువకునికి దేశమంతట వీచుచున్న జాతీయోద్యమపు గాలి తగిలెను. 1930లో ఉప్పు సత్యాగ్రహము ఆరంభమైనపుడు చదువు విడిచి, బ్రిటిషు ఆంధ్రమునందలి కాకినాడకు పోయి అందు పాల్గొనిరి. నిజాము రాజ్యమున సత్యాగ్రహమునకు తావు లేకుండెను గనుక, నాటి తెలంగాణ యువకుడు స్వాతంత్ర్యోద్యమమున దిగవలెనన్న సరిహద్దు దాటవలసి వచ్చెడిది. తిరిగివచ్చిన పిదప హరిజన సేవక సంఘ కార్యదర్శిగా పనిచేసిరి. పల్లెపల్లెకు తిరిగి హరిజన వాడలలో బడులు పెట్టించుట, వసతిగృహములు నడుపుట ఆ పని. పెద్ద రైతు బిడ్డ హరిజన వాడలో కూర్చుండి భుజించుట ఆనాడు సామాన్యమైన సంగతి కాదు. ఈ పరిచయములే రెండు దశాబ్దముల తరువాత ఓట్లయి పండెననుట కొంత సాహసమైన మాట కావచ్చును గాని, పూర్తిగా అసత్యము కాదు.

ఇచ్చట ఒక సంగతి చెప్పక తీరదు. నిజాము రాజ్యమున తెలుగువారి రాజకీయ చైతన్యము గ్రంథాలయములలో పుట్టినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1921లో ఆంధ్రజన సంఘము ఏర్పడి, మాడపాటి హనుమంతరావు పంతులుగారి వంటి పెద్దల కృషిచే ఊరూర పఠన మందిరములు పెట్టించెను. 1922లో షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నల్లగొండనుండి నీలగిరి పత్రికను వెలువరించిరి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. రాజ్యభాష ఉర్దూ, పాఠశాలలలో తెలుగునకు తావు స్వల్పము. బహిరంగ సభ జరుపవలెనన్న గస్తీ నిషాన్ తిర్పన్, అనగా 53వ నంబరు ఉత్తరువు, అడ్డుపడుచుండెను. పది తెలుగు పుస్తకములు, ఒక బల్ల, ఒక లాంతరు గల గదిని కూడ పోలీసులు అనుమానముతో చూచిన దినములవి. 1930లో జోగిపేటలో సురవరమువారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. ఆ మహాసభయే నారాయణరెడ్డిగారికి రాజకీయ పాఠశాల.

1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు సత్యాగ్రహము నారంభించినపుడు తొలి జట్టులో అరెస్టయినవారిలో నారాయణరెడ్డిగారొకరు. మరుసటి సంవత్సరము, 1939లో, కమ్యూనిస్టు పార్టీలో చేరిరి. గాంధేయ మార్గమునుండి ఆ మార్గమునకు ఆయన మరలుటకు గల కారణము వెట్టి, భూసమస్య అనుటయందు సందేహము లేదు. ఖద్దరు కట్టుట వలన దొరగారి గడీ తలుపు తెరచుకొనలేదు.

ఆ దినములలోనే నిజాము ప్రభుత్వము రాజ్యాంగ సంస్కరణలను ప్రకటించెను. అరవముదు అయ్యంగారు సంఘము సిఫారసులపై 1939లో వెలువడిన ఆ పథకమును నియోజకవర్గముల చరిత్ర తెలిసికొన గోరువారు శ్రద్ధగా గమనింపవలెను. మనము నేడు నియోజకవర్గమనగా ఒక నేల యనుకొందుము. ఇన్ని మండలములు, ఇన్ని గ్రామములు, ఇదిగో తూర్పు పొలిమేర, ఇదిగో పడమటి పొలిమేర యని చూపుదుము. నిజాము పథకమున నియోజకవర్గము నేల కాదు, వృత్తి. జాగీర్దారులకు కొన్ని స్థానములు, కౌలుదారులకు కొన్ని, వర్తకులకు, న్యాయవాదులకు, వైద్యులకు కొన్ని – ఇట్లు పంచబడినవి. ఓటు కొద్దిమందికే. ఒక ఊరివారందరు కలిసి తమ ఊరి తరపున ఒకనిని పంపుకొను అవకాశము అందులేదు. ఆంధ్ర మహాసభలో ఈ పథకమును స్వీకరింప వలెనను పెద్దలు కొందరు, తిరస్కరింప వలెనను యువకులు కొందరు ఏర్పడిరి. నారాయణరెడ్డిగారు తిరస్కరించు పక్షమున నిలిచిరి. ఊరు ఒక్కటిగా మాటాడు హక్కును గుర్తింపని పథకమును ఊరూర తిరిగినవాడు ఒప్పుకొనుట యెట్లు?

1941లో చిలుకూరున జరిగిన అష్టమాంధ్ర మహాసభకు నారాయణరెడ్డిగారు అధ్యక్షత వహించిరి. అప్పటికాయన వయస్సు ముప్పదిమూడేండ్లు. 1944లో భువనగిరిలో జరిగిన ఏకాదశ మహాసభకును ఆయనయే అధ్యక్షులు. భువనగిరిలో మహాసభ రెండుగా చీలెను, మితవాదులు వేరైరి. మిగిలిన మహాసభ సభ్యత్వ రుసుమును అణాకు తగ్గించి, పట్టణములందలి వకీళ్ల చేతులలోనుండి పల్లెటూరి రైతుకూలీల చేతులలోనికి పోయెను. నాటినుండి జనులకది ఆంధ్ర మహాసభ కాదు, సంగం. సంగం చిట్టి పుచ్చుకొనుట యనగా వెట్టి చేయనని చెప్పుటయే. ఈ అణా చిట్టియే ఈ జిల్లా ప్రజలకు తొలి ఓటుపత్రము. సర్కారు ఓటు తరువాత వచ్చినది.

తరువాత జరిగిన చరిత్ర పలువురు వ్రాసిరి గనుక క్లుప్తముగా చెప్పుదును. విసునూరు దేశముఖుపై పాలకుర్తి చాకలి అయిలమ్మ తన పంటకై నిలిచెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులకు బలియయ్యెను. 1947 సెప్టెంబరు 11న నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీను గారలు సాయుధపోరాటమునకు పిలుపునిచ్చిరి. రజాకార్ల దౌర్జన్యములకు ఎదురు నిలిచిన గ్రామములలో సంగం పాలన నెలకొనెను. కమ్యూనిస్టు పార్టీ లెక్కల ప్రకారము మూడువేల గ్రామములలో పదిలక్షల ఎకరములు పంచబడినవి. పోరాటము ముగియునాటికి నాలుగువేలమంది ప్రాణములు కోల్పోయిరి.

1948 సెప్టెంబరులో భారత సైన్యము హైదరాబాదున ప్రవేశించినది. నిజాము లొంగిపోయెను. అప్పుడు ఉద్యమకారుల ముందు ఒక కఠిన ప్రశ్న నిలిచెను: తుపాకి దించవలెనా, వలదా? నారాయణరెడ్డిగారు దించవలెననిరి. నిజాముతో పోరాడునపుడు జనమంతయు వెంటనుండెను. భారత ప్రభుత్వముతో పోరాడునపుడు ఆ జనము వెంటరాదు, వచ్చినవారు వృథాగా చత్తురు అన్నది ఆయన వాదము. పార్టీ నాయకత్వము వినలేదు. పిలుపునిచ్చినవాడే వెనుకకు తగ్గుచున్నాడన్న నింద ఆయనపై పడెను. నాయకత్వమునుండి ఆయన తొలగింపబడిరి. నిన్నటి సహచరులే పిరికివాడని తలచినప్పుడు మనుష్యునకు కలుగు బాధ శత్రువు చెరలో పెట్టినప్పటి బాధకంటె తక్కువది కాదు. మూడేండ్లు గడచెను. ఎందరో వీరులు అడవులలో నేలకొరిగిరి. తుదకు 1951 అక్టోబరులో పార్టీయే పోరాటమును విరమించెను. ఆ మూడేండ్ల పోరాటము అవసరమా, అనవసరమా అను వాదము నేటికిని తీరలేదు. ఆ పోరాటమే లేకున్న భూసంస్కరణల ఊసే యుండెడిది కాదను వారును కలరు. ఆ వాదమును ఇచ్చట తీర్చ బూనుకొనను. నారాయణరెడ్డిగారు మాత్రము తమ యభిప్రాయమును దాచుకొనలేదు, కీర్తికై మార్చుకొననులేదు.

పోరాటము విరమింపబడిన కొలది వారములకే ఎన్నికలు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టము ననుసరించి రాష్ట్రపతి 1951లో నియోజకవర్గములను నిర్ణయించుచు ఉత్తరువులు వెలువరించిరి. లోకసభకు మొత్తము 489 స్థానములు. నియోజకవర్గములు మాత్రము 401. అందు 314 ఏకసభ్యములు, 86 ద్విసభ్యములు, బెంగాలునందలి ఒకటి త్రిసభ్యము. హైదరాబాదు రాష్ట్రమునకు 25 స్థానములు వచ్చెను. తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలు మూడును ఆ రాష్ట్రముననే యుండెను. ఏడున్నర లక్షల జనాభాకు ఒక ప్రతినిధికి తక్కువ కాకుండ, అయిదు లక్షలకు ఒకనికంటె ఎక్కువ కాకుండ ఉండవలెనని రాజ్యాంగము నిర్దేశించినది. షెడ్యూల్డు కులములకు కేటాయింపవలసిన స్థానములు ఎక్కడ నుంచవలెనన్న సమస్యకు నాటి పెద్దలు కనుగొన్న ఉపాయమే ద్విసభ్య నియోజకవర్గము. రెండు నియోజకవర్గములంత నేలను ఒక్కటిగా చేసి, ఒక సామాన్య స్థానము, ఒక రిజర్వు స్థానము ఏర్పరచిరి. నల్లగొండ అట్టి ద్విసభ్య నియోజకవర్గములలో నొకటి.

కమ్యూనిస్టు పార్టీపై హైదరాబాదు రాష్ట్రమున నిషేధముండెను. అందుచే వారు ప్రజాస్వామిక కూటమి, అనగా పీపుల్సు డెమొక్రటిక్ ఫ్రంటు, పేరిట పోటీ చేసిరి. నల్లగొండ సామాన్య స్థానమునకు నారాయణరెడ్డిగారు, రిజర్వు స్థానమునకు సుంకం అచ్చాలుగారు నిలిచిరి. పార్టీ నిందించి తొలగించినవానినే పార్టీ తిరిగి ముందు నిలిపెను. విచిత్రమనిపించును గాని, విచారించిన విచిత్రము కాదు. ఊళ్లలో జనులకు పార్టీ తీర్మానములు తెలియవు. బొల్లేపల్లి నారాయణరెడ్డి తెలియును.

ఓటు వేయు పద్ధతి నేటివారికి వింతగా నుండును. ఓటుపత్రముపై అభ్యర్థుల పేర్లుండెడివి కావు, ముద్ర వేయు పని లేదు. చాటుగదిలో ప్రతి అభ్యర్థికి ఒక పెట్టె, దానిపై గుర్తు. కాంగ్రెసు పెట్టెపై కాడి కట్టిన జోడెడ్ల బొమ్మ. ఓటరు తనకిచ్చిన కాగితమును తనకిష్టమైన పెట్టెలో వేసి రావలెను. ద్విసభ్య నియోజకవర్గమున ప్రతి ఓటరుకును రెండు కాగితములు. వానిని రెండు వేరు పెట్టెలలో వేయవలెను. రెండును ఒక్కనికే ఇచ్చు వీలు చట్టమున లేదు. అక్షరము రాని జనమునకు ఈ రెండు పెట్టెల లెక్క నేర్పుట యెంత కష్టమో ఊహింపుడు. కార్యకర్తలు చాలమంది చెరలలోనో అజ్ఞాతముననో యుండిరి. అట్లయ్యును నల్లగొండలో రెండు స్థానములును కూటమికే దక్కెను. ఓటర్లు రెండు కాగితములను రెండు సరియైన పెట్టెలలో వేసిరన్న మాట. సంగం చిట్టీలనాటి శిక్షణ ఊరక పోలేదు.

ఇచ్చట నెహ్రూగారితో పోల్చు విషయమై ఒక మాట. ద్విసభ్య నియోజకవర్గమున ఓటర్లు రెట్టింపు గనుక ఓట్లును ఎక్కువ వచ్చును, అందు గొప్ప యేమని కొందరందురు. ఏకసభ్య నియోజకవర్గమున గెలిచినవారితో పోల్చినపుడు ఈ ఆక్షేపణ సరియే. కాని నెహ్రూగారు పోటీచేసిన అలహాబాదు తూర్పు–జౌన్‌పూరు పడమర నియోజకవర్గమును ద్విసభ్యమే. అచ్చట రిజర్వు స్థానమునుండి మసూరియాదీన్‌గారు ఎన్నికైరి. కావున తూకపు రాళ్లు రెండువైపుల సమానమే. ఒక్కొక్క ఓటరు ఒక అభ్యర్థికి ఒక్క ఓటే ఇవ్వగలడు గనుక, 3,09,162 అనునది మూడులక్షల తొమ్మిదివేల పైచిలుకు మనుష్యుల లెక్క. ఇది ఒక వ్యక్తి నెహ్రూగారిని మించెనని మురియుటకు మాత్రమే చెప్పుకొనదగిన సంగతి కాదు. ఆ మనుష్యులలో కొడుకులను కోల్పోయిన తల్లులు, మీది భూమి మీదే యని పంచిన పొలమును తిరిగి పోగొట్టుకొన్న రైతులు ఎందరో యుండిరి. ఎవరి తుపాకిని దించుమని నారాయణరెడ్డిగారు కోరిరో, వారి కుటుంబములే ఆయన పెట్టెలో కాగితము వేసిరి.

ఆ ఎన్నికలలో ప్రజాస్వామిక కూటమికి లోకసభలో 7 స్థానములు, 175 స్థానములు గల హైదరాబాదు శాసనసభలో 42 స్థానములు లభించెను. ఆలేరునుండి శ్రీమతి ఆరుట్ల కమలాదేవిగారు శాసనసభకు ఎన్నికైరి. 1952 మే 13న తొలి లోకసభ సమావేశమయ్యెను. నాలుగేండ్ల క్రితము ప్రభుత్వము వెదకిన మనుష్యులు ప్రభుత్వమునకు ఎదుట వరుసలో, చట్టసమ్మతముగా కూర్చుండిరి. తెలుగువారందరికిని ఒకే రాష్ట్రము కావలెనను విశాలాంధ్ర వాదమును ఆయన పక్షము సమర్థించెను; 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను.

1957 ఎన్నికలలో నారాయణరెడ్డిగారు లోకసభకు గాక భువనగిరినుండి రాష్ట్ర శాసనసభకు పోటీచేసి గెలిచిరి. నల్లగొండ లోకసభా నియోజకవర్గము అప్పటికిని ద్విసభ్యమే. ఈ పర్యాయము ఓటర్లు రెండు కాగితములను రెండు దిక్కులకు పంచిరి: కూటమి తరపున దేవులపల్లి వెంకటేశ్వరరావుగారు, కాంగ్రెసు తరపున డి. రాజయ్యగారు ఎన్నికైరి. సాయుధపోరాట నాయకులలో నొకరైన దేవులపల్లివారు తరువాతి కాలమున పార్లమెంటరీ మార్గమును విడిచి విప్లవ కమ్యూనిస్టు పక్షమున నిలిచిరి. ఒకే నియోజకవర్గము, ఒకే పోరాటము, రెండు భిన్న మార్గములు.

ద్విసభ్య నియోజకవర్గములకు ముగింపు ఎట్లు వచ్చెనో చెప్పుటకు నల్లగొండ విడిచి కొంచెము ఉత్తరాంధ్రమునకు పోవలెను. 1957లో పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గమున వి. వి. గిరిగారు సామాన్య స్థానమునకు పోటీచేసిరి. అచ్చట రిజర్వు స్థానము షెడ్యూల్డు తెగలది. నియమమేమనగా, ముందు రిజర్వు అభ్యర్థులలో అధికముగా ఓట్లు వచ్చినవానికి రిజర్వు స్థానమిచ్చి, పిమ్మట మిగిలిన వారందరిలో ఎవనికి ఎక్కువ ఓట్లు వచ్చిన వానికి రెండవ స్థానమీయవలెను. ఆ ప్రకారము రెండు స్థానములును తెగల అభ్యర్థులకే దక్కెను, గిరిగారు ఓడిరి. న్యాయస్థానమున వాదించిరి. 1959లో సుప్రీంకోర్టు ఆయన వాదమును అంగీకరింపలేదు. సామాన్య స్థానమనగా అందరికిని చెందినదని తేల్చెను. తీర్పు న్యాయమైనదే. కాని రాజకీయ పక్షములకు అది రుచింపలేదు. 1961లో ద్విసభ్య నియోజకవర్గముల రద్దు చట్టము వచ్చెను. ఒక్కొక్క దానిని రెండుగా చీల్చిరి. రిజర్వు స్థానములు ప్రత్యేకముగా ఏర్పడెను. ఇద్దరు అభ్యర్థులు – ఒక రైతు నాయకుడు, ఒక హరిజన నాయకుడు – జంటగా ఊరూర తిరిగి, ఒకే ప్రజలను ఓట్లడుగు దృశ్యము నాటితో ముగిసెను. పెద్ద నియోజకవర్గములు తిరుగుట కష్టమన్నది నిజమే. అయినను ఆ జంట ప్రయాణమున ఒక సాంఘిక విలువ యుండెనని నాకు తోచును.

1962లో ఏకసభ్యమైన నల్లగొండనుండి నారాయణరెడ్డిగారు కమ్యూనిస్టు పార్టీ పేరిటనే పోటీచేసి లోకసభకు రెండవమారు ఎన్నికైరి. మిర్యాలగూడ ప్రత్యేక లోకసభా నియోజకవర్గమయ్యెను. అప్పటికి ఓటు వేయు పద్ధతియు మారెను. అభ్యర్థుల పేర్లు, గుర్తులు గల ఒకే పత్రముపై ముద్ర వేయుట వచ్చెను. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినపుడు ఆయన భారత కమ్యూనిస్టు పార్టీలోనే నిలిచిరి. మిర్యాలగూడలో మార్క్సిస్టు పార్టీకి చెందిన భీమిరెడ్డి నరసింహారెడ్డిగారు 1971, 1984, 1991 సంవత్సరములలో గెలిచిరి. వీరును సాయుధపోరాటమున ఆరితేరినవారే. ఒకే ఇంటి అన్నదమ్ములు వేరుపడి, పక్కపక్క పొలములు దున్నుకొన్న చందము.

నల్లగొండలో 1967లో కాంగ్రెసు తరపున మహమ్మద్ యూనస్ సలీంగారు, 1971లో తెలంగాణ ప్రజాసమితి తరపున కంచర్ల రామకృష్ణారెడ్డిగారు ఎన్నికైరి. ఆ పిదప కాంగ్రెసువారు, తెలుగుదేశమువారు గెలిచిరి. 1991లో, 1996లో బొమ్మగాని ధర్మభిక్షముగారు, 1998లో, 2004లో సురవరము సుధాకరరెడ్డిగారు ఆ స్థానమును మరల కమ్యూనిస్టు పార్టీకి తెచ్చిరి. వీరిలో ధర్మభిక్షముగారి 1996 ఎన్నిక దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. జిల్లాలో భూగర్భజలమున ఫ్లోరైడు విషమై, త్రాగినవారి ఎముకలు వంగిపోవుచుండ, ఆ గోడు ఢిల్లీకి వినిపించుటకై పలువురు నామపత్రములు దాఖలు చేసిరి. మొత్తము అభ్యర్థులు 480 మంది! ఓటుపత్రము ఒక పుస్తకమయ్యెను. ధరావతు దక్కినవారు ముగ్గురే. కొందరు దీనిని హాస్యముగా చెప్పుకొనిరి. హాస్యము కాదు. 1952లో రెండు పెట్టెలను సరిగా వాడుకొన్న ప్రజల బిడ్డలే తమకు తోచిన మరియొక విధమున ఎన్నికను వాడుకొనిరి.

1967 తరువాత నారాయణరెడ్డిగారు పార్లమెంటున లేరు. పదవుల వెంట తిరుగు స్వభావము ఆయనది కాదు. 1973లో తెలంగాణ పోరాటమును గూర్చిన తమ జ్ఞాపకములను, అనుభవములను గ్రంథముగా ప్రకటించిరి. అందును 1948నాటి తమ యభిప్రాయమును మరల నిలిపిరే గాని సవరించుకొనలేదు. సాధారణముగా వృద్ధాప్యమున మనుష్యులు తమ గతమును అందరికిని సమ్మతమగునట్లు దిద్దుకొందురు. ఆయన అట్లు చేయలేదు. తన మాట చెల్లలేదని గాని, చివరకు చెల్లినదని గాని గొప్పలు పోలేదు.

1991 సెప్టెంబరు 7న నారాయణరెడ్డిగారు కాలధర్మము నొందిరి. 1992లో భారత ప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ్ బిరుదము నిచ్చెను. హైదరాబాదున ఆయన పేరిట స్మారక మందిరము వెలసినది.

ఇక నియోజకవర్గపు ఎల్లలు. 1976లో రాజ్యాంగ సవరణచే రాష్ట్రముల స్థానముల సంఖ్య స్తంభింపబడెను. 2001లో 84వ సవరణచే ఆ స్తంభన 2026 తరువాత జరుగు తొలి జనాభా లెక్కల వరకు పొడిగింపబడెను. సంఖ్య మారకున్నను లోపలి గీతలు మార్చుటకు 2002లో జస్టిస్ కుల్‌దీప్ సింగ్‌గారి అధ్యక్షతన పునర్విభజన సంఘము నియమింపబడినది. ఆ సంఘము గీసిన గీతలు 2008లో అమలులోనికి వచ్చెను. మిర్యాలగూడ లోకసభా నియోజకవర్గము రద్దయ్యెను. భువనగిరి క్రొత్తగా ఏర్పడెను. నల్లగొండకు దేవరకొండ, నాగార్జునసాగరు, మిర్యాలగూడ, హుజూరునగరు, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ శాసనసభా స్థానములు దక్కెను. భువనగిరికి ఇబ్రహీంపట్నము, మునుగోడు, భువనగిరి, నకిరేకల్లు, తుంగతుర్తి, ఆలేరు, జనగామ చేరెను. ఈ జనగామ తాలూకా పూర్వము నల్లగొండ జిల్లాలోనిదే. 1953లో వరంగల్లు జిల్లాకు పోయెను. అర్ధశతాబ్దము గడచిన పిదప ఓటు నిమిత్తము తిరిగి భువనగిరి ప్రక్కకు వచ్చెను. 2014లో తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమై 17 లోకసభా స్థానములతో నిలిచెను. 2016లో నల్లగొండ జిల్లానుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వేరుపడెను. లోకసభా గీతలు మాత్రము 2008నాటివే నిలిచెను.

నారాయణరెడ్డిగారి జీవితమున ముఖ్యములైన తావులలో పెక్కు నాటి నల్లగొండ జిల్లాలోనివే. వానిని ఈ గీతలపై పెట్టి చూచితిని. ఆయన తొలిసారి అధ్యక్షత వహించిన చిలుకూరు నేడు కోదాడ శాసనసభా స్థానమున, తద్ద్వారా నల్లగొండ లోకసభా నియోజకవర్గమున నున్నది. కొమరయ్య ఒరిగిన కడవెండి పాలకుర్తి శాసనసభా స్థానముతో కూడి వరంగల్లు లోకసభా నియోజకవర్గమున చేరినది. అయిలమ్మ పంట కోసికొన్న పాలకుర్తియు అచ్చటనే. ఆంధ్ర మహాసభ రెండుగా చీలిన భువనగిరియు, నారాయణరెడ్డిగారు పుట్టిన బొల్లేపల్లియు భువనగిరి లోకసభా నియోజకవర్గమున నున్నవి. నల్లగొండనుండి లోకసభకు రెండుమార్లు పోయిన ఆయన స్వగ్రామ ప్రజలు 2009 ఎన్నికలనుండి తమ ఓటును భువనగిరి ప్రతినిధికై వేయుచున్నారు.